కూలి రేటు పెరిగితే?

కూలి పెరిగితే మనిషి ఎక్కువ కష్టపడతాడా? ఆర్థికవేత్తలు ఎర్న్‌స్ట్ ఫేర్, లోరెంజ్ గోటె స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో, సైకిళ్ల మీద పార్సెళ్లు చేరవేసేవాళ్లతో ఈ సంగతి పరీక్షించారు. వాళ్లది కమీషన్ బతుకు. ఏ షిఫ్టుకు రావాలో చాలావరకు వాళ్లిష్టం.

నాలుగు వారాలు ఆ కమీషన్‌ను పాతిక శాతం పెంచారు. ఏమైంది? ఎక్కువ షిఫ్టులకు వచ్చారు. కానీ ఒక్కో షిఫ్టులో శ్రమ కాస్త తగ్గింది. అవును, షిఫ్టులు పెరిగాయి, షిఫ్టులో శ్రమ తగ్గింది. మొత్తం మీద పని పెరిగిందనుకోండి.

ఎందుకిలా? ఇవాళ ఇంత రావాలని మనసులో ఒక లెక్క ఉంటుంది. అంతకు తగ్గితే నష్టపోయినట్టే అనిపిస్తుంది; అది త్వరగా అందితే కాళ్లు నెమ్మదిస్తాయి. నష్టానికి ఎక్కువగా జంకేవాళ్లలోనే ఈ తగ్గుదల కనిపించింది. అలాంటివాళ్లను సోమరులనడం అన్యాయం.