ఇక్కడ, అక్కడ, ఎక్కడ: మన ఆఫీసు ఇంగ్లీషు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, కరువు భత్యం గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. మనం ముప్పై ఏళ్లపాటు కాగితాల మీద రాసి, ఇంటి దగ్గర ఒక్కనాడూ పలకని కొన్ని పాత ఇంగ్లీషు మాటల గురించి నేను చెబుతాను. హియర్‌బై, హియర్‌విత్, హియర్‌ఇన్‌ఆఫ్టర్, దేర్‌ఆఫ్, దేర్‌టు, వేర్‌యాజ్, వేర్‌బై. వీటన్నిటి కడుపులోనూ ‘ఈ, ఆర్, ఈ’ అనే మూడక్షరాలు వరుసగా ఉంటాయి. హియర్, దేర్, వేర్‌లకు అవి ఉమ్మడి ఆస్తి. మన ఇక్కడ, అక్కడ, ఎక్కడలకు ‘క్కడ’ ఉమ్మడి అయినట్టే.

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషులో మన విభక్తుల వంటి ‘బై’, ‘ఫర్’లు మామూలుగా మాటకు ముందు వస్తాయి. ఈ పాత మాటల్లో మాత్రం మన పద్ధతిలో వెనక చేరతాయి. గ్రాంథికంలోని ఇందు, అందు, ఎందులను పక్కన పెట్టి చూడండి. హియర్‌బై అంటే ఇందుమూలముగా. దేర్‌ఇన్ అంటే అందులో. వేర్‌ఫోర్ అంటే ఎందుకు. షేక్‌స్పియర్ నాటకంలో జూలియట్ వాడిన మాట ఇదే. రోమియో ఎక్కడున్నాడని అడిగిందని చాలామంది అనుకుంటారు గాని, అతనికి ఆ పేరు ఎందుకుండాలి అన్నది ఆమె బాధ. జర్మన్ భాషలో ఇటువంటివి నేటికీ వాడుక మాటలే. ఇంగ్లీషులో ఎక్కువగా దస్తావేజులకూ నోటీసులకూ మిగిలాయి. (ఆ దస్తావేజుల్లోనే కనబడే ‘హెరెడిటమెంట్’ వీటికి చుట్టం కాదు. అక్షరాలు కలిసినా, అది లాటిన్‌లో వారసుడనే మాట నుంచి వచ్చింది.)

ఇక అసలు సంగతి. 1983లో మా సెక్షనులో కొత్తగా చేరిన కుర్రాడొకరు మరమ్మతుల ఫైలులో డ్రాఫ్టు పెట్టారు. ‘అందుకు అయ్యే ఖర్చులు’ అనేచోట దేర్‌ఫోర్ అని, చివరి ‘ఈ’ లేకుండా రాశారు. నేను ఎర్రసిరాతో ఆ అక్షరం చేర్చి, సెక్షనంతా వినేలా “ముందు స్పెల్లింగు నేర్చుకో నాయనా” అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మారుమాట్లాడకుండా కాగితం తీసుకుపోయారు.

పదేళ్ల తర్వాత మా అమ్మాయి కోసం కొన్న నిఘంటువు తిరగేస్తుంటే ఆ మాట కనబడింది. ఒకప్పుడు రెండూ ఒకటే మాట, తర్వాత విడిపోయాయి. చివర ‘ఈ’ ఉంటే ‘అందుచేత’. లేకపోతే ‘అందుకు’. ఆయన రాసిందే ఒప్పు. ఒక్కసారి తెలుగులో అనుకుని చూసినా నాకు తెలిసేది. అప్పటికి ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. తర్వాత ఎన్నో పెళ్లిళ్లలో కలిశాం, పక్కపక్కన కూర్చుని భోజనాలు చేశాం. ఈ సంగతి మాత్రం నా నోట రాలేదు.

ఆయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెబితే లేచి వెళ్లిపోయే మనిషి, చెప్పను. అయ్యా, ఆనాడు సెక్షనంతా వినేలా అన్నాను గనుక ఈనాడు సభంతా వినేలా చెబుతున్నాను. మీ డ్రాఫ్టులో తప్పు లేదు. నేను చేర్చిన అక్షరం కొట్టేస్తున్నాను.

సెలవు.