ఊరికే పంచిన మందు

తలనొప్పి ఇట్టే తగ్గిపోతుందని ఎవరైనా చెప్పవచ్చు. నమ్మేదెవరు? 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుకు ఎదురైన చిక్కు ఇదే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన మనిషి, కొత్త మందు, జనం వినని పేరు.

ఆయన వాదనకు దిగలేదు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు మందును ఉచితంగా పంచిపెట్టారు. గంటల తరబడి కూర్చుని వినేవాళ్లకు నుదుటిమీద రాసుకుని చూడడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా! (విద్వాంసులు మన్నించాలి.) గుణం కనిపిస్తే కొంటారు, లేకపోతే లేదు. పరీక్షించే పనిని కొనేవాడి చేతికే వదిలేయడం ఇందులోని కిటుకు.

అయితే మందును నమ్మడం వేరు, మనిషిని నమ్మడం వేరు. అమృతాంజనం లాభం ఎటు పోతున్నదో తెలుగువాళ్లు కళ్లారా చూశారు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఆ తర్వాత భారతి మాసపత్రిక, ఆంధ్ర గ్రంథమాల పుస్తకాలు. ఎన్ని ప్రకటనలు వేసినా రాని పరపతి ఇది.

దాని బరువు 1937లో తెలిసింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే తమకు అన్యాయం జరుగుతుందేమోనని రాయలసీమ నాయకులు అనుమానిస్తున్న రోజులవి. కోస్తా నాయకులతో వారు కూర్చుని మాట్లాడుకున్నది మద్రాసులో పంతులుగారి ఇంట్లోనే. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. నవంబరు 16న అక్కడ కుదిరిన ఒడంబడికకూ ఆ పేరే నిలిచింది.