తన్ను గూర్చి తాను వ్రాసికొనుట



1913 జనవరి 16న మద్రాసునుండి కేంబ్రిడ్జికి ఒక లేఖ వెడలెను. పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో గుమాస్తాయగు రామానుజన్, తన జీతము ఏటికి 20 పౌనులనియు, విశ్వవిద్యాలయ విద్య తనకు లేదనియు హార్డీ పండితునకు మొదటనే తెలిపెను. గణితమందు ప్రీతి కలదని చెప్పి యూరకుండక, తాను కనుగొన్న సూత్రములను జతపరచెను. 1914లో కేంబ్రిడ్జి చేరెను. అది ప్రవేశ పత్రము కాకున్నను అట్టి పత్రములకు మేలుబంతి.

2026 ప్రవేశములు మొదలుకొని బ్రిటనులో డిగ్రీ చదువు కోరువారు మూడు ప్రశ్నలకు బదులు వ్రాయవలెను: ఈ చదువేల? ఇంతవరకు చదివినది దీనికెట్లు తోడ్పడినది? బడి వెలుపల చేసినదేమి? ఖాళీలతో కూడ 4000 అక్షరములు మించరాదు.

ఇట అరువు మాటలు చెల్లవు. 2007లో వెల్లడియైన తనిఖీలో, ఎనిమిదవ యేట పైజమాకు కన్నము పడునట్లు కాల్చుకొన్న కథ 234 పత్రములలో కనబడినది. ఎన్ని పైజమాలు నిజముగా కాలినవో!

వ్యవసాయశాస్త్రము కోరు బాలుడు, తండ్రి చేలో వరికి అగ్గితెగులు ఎప్పుడు కనబడినదో, ఏ మందు పనిచేయలేదో, అప్పుడు తనకు కలిగిన సందేహమేమో వ్రాసిన చాలును. పల్లె పిల్లలు సిగ్గుపడి మొదట కొట్టివేయునవి ఆ వాక్యములే.