పింగళుడి వల

(అండమాన్ దీవుల్లోని వండూర్ సభలో చేసిన స్మారకోపన్యాసం)



దాసరి సుబ్రహ్మణ్యంగారిని తలుచుకోవడానికి వండూర్ జెట్టీకి ఇంత దగ్గరగా కూర్చోవడం నాకెంతో తృప్తిగా ఉంది. ఆయన ‘చందమామ’కు రాసిన ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు చేపలు పట్టి బతికే కుర్రవాడు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకొచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన మన వాళ్లకు పింగళుడు పరాయివాడేం కాదు.

మామూలు కుర్రాడికి అనుకోకుండా అద్భుత శక్తి రావడం అనగానే ఇక్కడి పిల్లలకు స్పైడర్‌మ్యాన్ గుర్తొస్తాడు. న్యాయమే. 1940లో అమెరికా కామిక్స్‌లో బిల్లీ బాట్సన్ అనే అనాథ, పేపర్లు అమ్ముకునే పిల్లవాడు, ‘షజామ్’ అనగానే మహావీరుడయ్యాడు. కానీ ఆ మాటతో వాడు పెద్దవాడైపోతాడు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన స్పైడర్‌మ్యాన్, పీటర్ పార్కర్, అలా కాదు. సాలీడు కుట్టినా బడికెళ్లే కుర్రాడిగానే మిగిలాడు. వచ్చిన బలంతో మొదట డబ్బుకోసం కుస్తీ గోదాలోకి దిగాడు. తనకెందుకులే అని వదిలేసిన దొంగే పెదనాన్నను చంపాడు. ఆ కథలో నన్ను పట్టుకునేది సాలీడు కాదు, ఆ డబ్బు.

మన దారి వేరు. 1947 జూలైలో ‘చందమామ’ తెచ్చిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. అందులో తోటమాలి కొడుకు తోటరాముడిని మాంత్రికుడు వెతుక్కుంటూ వస్తాడు, బలివ్వడానికి. 1954లో ‘తోకచుక్క’తో సుబ్రహ్మణ్యంగారి సీరియళ్లు మొదలయ్యాయి. ‘చందమామ’ కామిక్స్ కాదు, నిజమే. కానీ చిత్రకారుడు చిత్రాగారి బొమ్మ చూడకుండా ఆ కథలు చదివినవాళ్లెవరు? స్పైడర్‌మ్యాన్ కథలో శక్తి ప్రమాదవశాత్తు తగులుతుంది. మన కథల్లో ఎవరో పెద్దవాడు తన స్వార్థంతో పేదింటి కుర్రాడి గడప తొక్కుతాడు. మనవాళ్లకు ఈ భయం బాగా తెలుసునని నా నమ్మకం.

పింగళుడి కథకు మూలం వెయ్యిన్నొక్క రాత్రుల్లోని జూదర్ కథ. అతనూ జాలరే. వల ఎత్తితే ఖాళీ, మళ్లీ వేస్తే మళ్లీ ఖాళీ. అప్పుడొక మాంత్రికుడొచ్చి, ‘నా చేతులు కట్టి నీళ్లలోకి తొయ్యి’ అన్నాడు. చేతులు పైకొస్తే బతికినట్టు, కాళ్లొస్తే పోయినట్టు. మొదటివాడివి కాళ్లే తేలాయి. మర్నాడొచ్చిన రెండోవాడివీ అంతే. మూడోవాడు బతికాడు. నిధి జూదర్ చేతనే తెరుచుకుంటుందని అతన్ని వెంట తీసుకుపోయాడు.

చాలాకాలానికి జూదర్ ఒక మాయసంచితో ఊరికి తిరిగొస్తే, తల్లి వీధిలో అడుక్కుంటూ కనిపించింది. ఇంటికి తీసుకెళ్లి, ‘ఏం తింటావమ్మా?’ అన్నాడు. వేడి రొట్టె, ఒక జున్ను ముక్క చాలంది. కాదని రాజుల వంటలన్నీ చెబుతుంటే, కొడుక్కి మతిపోయిందేమోనని హడలిపోయింది. సంచి ఖాళీదని ఆమెకు తెలుసు. జూదర్ అందులో చెయ్యిపెట్టి, పొగలు కక్కుతున్న పళ్లెం తీసి అమ్మ ముందు పెట్టాడు.