పెట్రోల్లో నీళ్లు: బంకువాళ్లని తిట్టే ముందు ఈ నాలుగు పనులు చెయ్యండి

ముందుగా ఒక తప్పు ఒప్పేసుకుంటాను. పోయిన వర్షాల్లో "మా దగ్గర బంకులో నీళ్ల పెట్రోల్" అని ఒక వీడియో తీశాను. ఎడిటింగ్ కూడా అయిపోయింది. అప్‌లోడ్ మాత్రం చెయ్యలేదు. ఎందుకో చెప్తాను.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. నాన్న రోజూ తెల్లారకుండానే పాత కార్బరేటర్ బండికి పాల క్యాన్లు కట్టుకుని బయల్దేరతారు. బండి ఆగిందంటే ఆ పూట పాలు పోయినట్టే. ఆ రోజు దారిలోంచి ఫోన్ చేశారు. "ఒరే, కిక్కు కొడితే స్టార్టవుతంది, నాలుగడుగులేసి ఆగిపోతంది. ఏటయిందో ఓపాలి వచ్చి సూడు."

ముందు రోజే పెట్రోల్ కొట్టించారు. మెకానిక్ చూసి, కార్బరేటర్ మార్చాలి, రెండు వేలవుతుంది అన్నాడు. నేనేమో బంకువాళ్లే మోసం చేశారని తేల్చేశాను. ఆఫీసులో బగ్ వస్తే లాగ్స్ చూడకుండా పక్క టీమ్ మీదకి తోసేస్తామే, అచ్చం అదే!

తర్వాత కూర్చుని వరసగా చూశాను. మీరూ ఇలాగే చూడండి.

మొదటిది, కాక్. ఆన్‌లో పెడితే ట్యాంకు లోపల కాస్త ఎత్తులో ఉన్న గొట్టం నుంచి పెట్రోల్ వస్తుంది. రిజర్వ్‌లో పెడితే అడుగు నుంచి వస్తుంది. నీళ్లు పెట్రోల్ కంటే బరువు, అడుగునే ఉంటాయి. మా బండి ఆన్‌లో కాసేపు నడిచింది, రిజర్వ్‌లో వెంటనే ఆగింది. అనుమానం అక్కడే మొదలైంది.

రెండోది, కార్బరేటర్ గిన్నె. కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, ఆ స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టండి. పది నిమిషాలు కదపకండి. మాకు రెండు పొరలు స్పష్టంగా కనిపించాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. నీళ్లు కొంచెమే అయితే ఇథనాల్ కలిపేసుకుంటుంది. మోతాదు దాటితే ఇథనాల్ కూడా పెట్రోల్ని వదిలేసి నీళ్లతో అడుక్కి దిగిపోతుంది. అందుకే కింద పొర, పడిన నీళ్ల కంటే ఎక్కువ కనిపిస్తుంది. అది చూసి "ఇన్ని నీళ్లు కలిపారా!" అనుకోకండి.

మూడోది, బంకు. వెళ్లి మర్యాదగా అడిగాను. డెన్సిటీ చూపించారు. 15 డిగ్రీల దగ్గర లెక్కిస్తే 720 నుంచి 775 మధ్య ఉండాలి, ఉంది. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేస్తే మరక లేకుండా ఆరిపోయింది. కానీ ఆ పేపర్ నీళ్లని పట్టదు. నీళ్ల కోసం కొలత కడ్డీకి ఒక పేస్టు రాసి భూమిలో ట్యాంకులోకి దింపుతారు, నీళ్లు తగిలితే రంగు మారుతుంది. మారలేదు. అదే ఉదయం అక్కడే కొట్టించిన మా వీధి ఆటో కూడా బాగానే తిరుగుతోంది.

నాలుగోది, మన ఇల్లు. బండి పెట్టేది చూరు కింద. రాత్రంతా చూరునీళ్లు సరిగ్గా ట్యాంకు మూత మీదే పడ్డాయి. మూత రబ్బరు ఎండి పగిలిపోయింది. ట్యాంకు విప్పి, ఖాళీ చేసి, ఆరబెట్టి, మూత వేసి పైన చెంబుడు నీళ్లు పోశాను. తీసి చూస్తే లోపల చుక్కలు! దొంగ దొరికాడు.

ట్యాంకు, పైపు, గిన్నె, జెట్ శుభ్రం చేసి, మూతకి కొత్త రబ్బరు, కొత్త ఫిల్టర్ వేశాం. మొత్తం రెండు వందల లోపే. పాత పెట్రోల్ మళ్లీ పొయ్యలేదు, కాలువలోనూ పొయ్యలేదు. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి మెకానిక్‌కి అప్పగించాం.

ఆ వీడియో వెళ్లుంటే, బంకులో పైపు పట్టుకునే మా ఊరి కుర్రాడి ఉద్యోగం పోయేదేమో. వాడు రోజూ నాన్నకి దండం పెడతాడు. కల్తీ చేసేవాళ్లు లేరని నేననను. ముందు సీసాలో పట్టి చూడండి, తర్వాతే నోరు తెరవండి.

ఇప్పుడు బండి వసారాలో ఉంటోంది. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.