ప్రశ్న మనదైతే భాష కూడ మనదే

(యువజన పార్లమెంటు పోటీల్లో పాల్గొన్న డిగ్రీ విద్యార్థుల బృందం తోటి విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యువజన పార్లమెంటు అంటే ఉపన్యాసాల పోటీ అని చాలామంది అనుకుంటరు. గొంతు పెంచి, చేతులూపి, ఆఖర్న రెండు పద్యాలు చదివితే కప్పు మనదే అనుకుంటరు. అది నిజం గాదు. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లో ఢిల్లీ బడుల్ల ఈ పోటీలు మొదలుపెట్టింది. సభ ఎట్ల నడుస్తదో పిల్లలు తామే నడిపి తెలుసుకోవాలన్నదే దాని ఉద్దేశం. స్పీకర్, మంత్రులు, ప్రతిపక్షం అందరూ విద్యార్థులే.

ఇందుల ప్రాణమంతా ప్రశ్నోత్తరాల్లనే ఉన్నది. లోక్‌సభల రోజుకు 20 ప్రశ్నలు నోటి జవాబు కోసం జాబితాకెక్కుతయి. జవాబు వచ్చినంక అనుబంధ ప్రశ్న అడగొచ్చు. మంత్రి అసలు పరీక్ష అక్కడనే.

మేం బస్సు మీద ప్రశ్న వేసినం. మా బృందంల ఇద్దరు అక్కలు ఆఖరి బస్సు పోతదని రోజూ రిహార్సల్ మధ్యలనే లేచిపోయేటోళ్లు. కాలేజీ విడిచే టైముకు బస్సు లేని ఊర్లెన్ని అని అడిగినం. ‘పరిశీలనలో ఉన్నది’ అన్నడు మంత్రి. పరిశీలన ఎన్నడు మొదలైంది, ఎన్నడు అయిపోతది, ఎవరు చేస్తున్నరు? ఈ మూడు అనుబంధ ప్రశ్నలకు మంత్రి కాగితాలు తిరగేసుడు మొదలుపెట్టిండు.

ఆ మంత్రి కూడ మావోడే. ప్రతిపక్షంల కూసోని విమర్శించుడు అలక. మంత్రిగ జవాబు చెప్పాలంటె డిపోల బస్సులెన్ని, డ్రైవర్లెందరు, ఆ దారిల నష్టమొస్తె ఎవరు భరించాలె అన్నీ తెలవాలె. ఎదుటోని వాదంల బలమెక్కడున్నదో తెలిసినోడే దాన్ని ఓడగొట్టగలడు.

ఇగ భాష ముచ్చట. ఒక సన్నాహక పోటీల మా తమ్ముడు ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడితె వెనుక బెంచీలు నవ్వినయి. నవ్వినోళ్లు రాజ్యాంగం 120వ అధికరణం చదవలేదు. హిందీలనో ఇంగ్లీషులనో సరిగ చెప్పుకోలేని సభ్యునికి మాతృభాషల మాట్లాడేందుకు అనుమతి ఇయ్యొచ్చని అందుల రాసి ఉన్నది. శాసనసభలకు 210వ అధికరణం అట్లనే ఉన్నది. అసలు సభకే అక్కరలేని సిగ్గు నమూనా సభల మనకెందుకు? ఇంగ్లీషు నేర్చుకుందాం, మంచిదే. అది వచ్చేదాక మాత్రం నోరు కట్టేసుకోవద్దు.

61వ రాజ్యాంగ సవరణతోని 1989ల ఓటు వయసు 21 నుంచి 18కి వచ్చింది. పంచాయతీకి పోటీ చెయ్యాలంటె 21 నిండాలె, శాసనసభకు, లోక్‌సభకు 25. ఓటుకూ అసెంబ్లీకీ మధ్య ఏడేండ్లున్నయి. ఆ ఏడేండ్లు జెండాలు మోసుటానికే గాదు. గ్రామసభల లేచి అడగొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు, మామూలుగ 30 రోజుల్ల జవాబియ్యాలె.

వచ్చే పోటీలకు పోయేటోళ్లకు మా మాట ఒక్కటే. పుస్తకంల ప్రశ్న తీస్కపోకుండ్రి. మీ ఊరి ప్రశ్న తీస్కపోండ్రి. లెక్కలు గట్టిగ పట్టుకోండ్రి. పోటీ అయిపోయినంక ఆ ప్రశ్నను అక్కడనే విడిచిపెట్టకుండ్రి, అసలు జవాబు చెప్పాల్సిన ఆఫీసు దాక తీస్కపోండ్రి. కప్పు అల్మారల ఉంటది. బస్సు రావాల్సింది ఊరికి.