కడబంతి కుర్రవాళ్ళు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

పచ్చళ్ళూ, పిల్లల పెంపకమూ చెప్పుకునే వేళలో ఇవాళ హాకీ ఏమిటని రేడియో కట్టేయకండి. అదీ మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కూడా కాదు. మంచుగడ్డ మీద, అడుగున కత్తి అంచులున్న బూట్లు తొడుక్కుని ఆడే హాకీ. బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్ని పక్ అంటారు. ఆట గురించి నాకు తెలిసింది దాదాపు అంతే. నేను చెప్పబోయేది ఆ ఆటలోకి పద్ధెనిమిదేళ్ళ పిల్లల్ని ఏరుకునే పద్ధతి గురించి. పిల్లల మీద ఆశలు పెట్టుకోవడం, లెక్కలు వెయ్యడం, ఆ లెక్క తప్పడం — ఇందులో మనకున్న అనుభవం ఎవరికుంది చెప్పండి?

2024 డిసెంబరులో నేను అమెరికాలో మా అక్కయ్యగారింట్లో ఉన్నాను. డిట్రాయిట్ నగరానికి దగ్గర్లో నోవై అని ఊరు. మనవాళ్ళు బాగానే ఉన్నారక్కడ. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, బయట మటుకు మంచు. అక్కయ్య కొడుక్కి పదిహేడేళ్ళు. వాడి దగ్గర ఒక నోట్‌బుక్కుంది. చదువుకునే నోట్సు కాబోలని మురిసిపోయి తెరిస్తే, అన్నీ హాకీ కుర్రవాళ్ళ పేర్లు! ఏ ఏడు తీసుకున్నారు, ఎన్నో పేరు, ఇప్పుడెక్కడ ఆడుతున్నాడు, ఎలా ఉన్నాడు. అచ్చం మన పిల్లల ప్రోగ్రెసు కార్డే. "పిన్నీ, ఇది మా రెడ్‌వింగ్స్ జట్టు జాతకం" అన్నాడు.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. ఏటా వేసవిలో క్లబ్బులన్నీ వరసగా ఒక్కొక్క కుర్రవాడి పేరు పిలుస్తాయి. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, ఎక్కడి పిల్లవాడైనా సరే. ఆ ఏడు ఆఖర్న నిలిచిన జట్లకి ముందు వరస ఇస్తారు, వాటిలో ఎవరు మొదలో చీటీలు తీసినట్టు తీసి తేలుస్తారు. ఇప్పుడు 32 క్లబ్బులు, ఏడు విడతలు. లెక్కన 224 పేర్లు. పేరు పిలిచినంతమాత్రాన జట్టులో చోటు దొరికినట్టు కాదండోయ్. అది నిశ్చితార్థం లాంటిది, పెళ్ళికి ఇంకా చాలా తతంగం ఉంది. కుర్రవాడు తన దేశంలోనే ఆడుకోవచ్చు, లేదా చిన్న జట్టులో పెట్టి సానబెడతారు. డిట్రాయిట్ వాళ్ళ చిన్న జట్టు గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో ఉంది. రెండేళ్ళు, నాలుగేళ్ళు, ఒక్కోసారి ఎప్పటికీ పిలుపు రాదు.

మా వాడి పుస్తకంలో మొదటి పేజీ 1989. అప్పటికి వీడు పుట్టనేలేదు, అయినా ఆ పేజీ అంటే ప్రాణం. ఆ ఏడు 12 విడతలు, 252 పేర్లు. డిట్రాయిట్ వాళ్ళు మొదటి విడతలో, మొత్తం మీద 11వ పేరుగా మైక్ సిల్లింగర్‌ని తీసుకున్నారు. మంచి ఆటగాడే, వెయ్యి ఆటలు దాటి ఆడాడు. కాని ఒకచోట కుదురు లేదు పాపం, పెట్టె సర్దుకుని మొత్తం పన్నెండు క్లబ్బులు తిరిగాడు. మూడో విడతలో, 53వ పేరుగా స్వీడన్ నుంచి నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ అని నెమ్మదస్తుడొకణ్ణి తీసుకున్నారు. రెండేళ్ళు తన దేశంలోనే ఆడి, 1991 లో వచ్చాడు. ఇరవై సీజన్లు, అన్నీ ఒకే క్లబ్బులో! నాలుగుసార్లు స్టాన్లీ కప్పు, ఏడుసార్లు ఆ ఏటి ఉత్తమ రక్షణ ఆటగాడి బహుమతి. 74వ పేరు సెర్గీ ఫెదొరోవ్. 221వ పేరు, పదకొండో విడతలో, వ్లదిమీర్ కాన్‌స్టాంటినోవ్.

వీళ్ళిద్దరూ సోవియట్ వాళ్ళు. ప్రతిభ లేక అంత వెనక పడలేదు. వాళ్ళ ప్రభుత్వం పంపుతుందో లేదో తెలియనివాళ్ళ మీద ముందు పేరు వృథా చెయ్యడం దేనికని మిగతా క్లబ్బులు వెనకాడాయి. డిట్రాయిట్ వాళ్ళు తెగించారు. 1990 జులైలో ఫెదొరోవ్ అమెరికాకి ఆడటానికి వచ్చి, జట్టుని వదిలి వీళ్ళ విమానం ఎక్కేశాడు. ఇరవయ్యేళ్ళవాడు! ఆటలో ఎంత గొప్పవాడయ్యాడో, 1994 లో లీగు మొత్తానికీ ఉత్తముడెలా అయ్యాడో మా వాడు చెప్పుకుపోతున్నాడు గాని, నా మనసు మటుకు అక్కడే ఆగిపోయింది. ఆ రాత్రి ఆ తల్లికి ఎవరు చెప్పి ఉంటారు?

మనలో ఒక సామెత ఉంది కదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని. ఇక్కడ వడ్డించేవాడు మనవాడు కాదు, ఆ కడబంతి కుర్రవాడి భాష కూడా తెలియనివాడు. అయినా 221వ పేరుగల కాన్‌స్టాంటినోవ్ ఆ జట్టుకి గోడలా నిలబడ్డాడు. 1997 జూన్ 7న డిట్రాయిట్ 42 ఏళ్ళ తరవాత కప్పు గెలిచింది. ఆరు రోజులైంది. వేడుక నుంచి అద్దె కారులో తిరిగి వస్తుంటే కారు చెట్టుకి గుద్దుకుంది. తలకి పెద్ద దెబ్బ. ముప్ఫయ్యేళ్ళ మనిషి, మళ్ళీ ఆడలేదు. అప్పణ్ణించీ మరొకరు కనిపెట్టుకుని ఉండవలసిందే. మరుసటి ఏడు మళ్ళీ కప్పు గెలిచినప్పుడు, నాయకుడు యైజర్‌మన్ దాన్ని అందరికంటే ముందు చక్రాల కుర్చీలో ఉన్న ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆ ఫొటో మా వాడు చూపించాడు. అక్కయ్య వంటింట్లోంచి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఇలాంటి కడబంతి వాళ్ళు ఆ జట్టుకి తరవాతా దొరికారు. హొకన్ ఆండర్సన్ అని వాళ్ళకి స్వీడన్‌లో ఒక పరిశీలకుడున్నాడు. వేరే కుర్రవాణ్ణి చూడ్డానికి రష్యా వెళ్ళి, అక్కడ పొట్టిగా ఉన్న పావెల్ దత్స్యూక్‌ని చూశాడట. అప్పటికి రెండు డ్రాఫ్టుల్లో ఎవ్వరూ వద్దనుకున్నవాడు! 1998 లో 171వ పేరుగా తీసుకున్నారు. మరుసటి ఏడు 210వ పేరు హెన్రిక్ జెటర్‌బర్గ్. 2008 లో కప్పు గెలిచినప్పుడు ఈ ఇద్దరే ఆ జట్టుకి రెండు కళ్ళు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 2019 లో మా అబ్బాయికి ఎంసెట్‌లో ర్యాంకు ఎక్కడో దూరంగా వచ్చింది. ఫలితాలు వచ్చిన్నాడు నేను వాడికి అన్నం పెట్టాను గాని మాట్లాడలేదు. రెండోనాడూ అంతే. మూడోనాడు వాడే "అమ్మా, పప్పులో ఉప్పు లేదు" అన్నాడు. దానికీ జవాబు చెప్పలేదు. పక్కింటివాళ్ళ అబ్బాయి ర్యాంకు నాకు నోటికి వచ్చు, నా కొడుకు ఆ మూడు రోజులూ ఏం తిన్నాడో గుర్తులేదు. ఆ పుస్తకంలో 171, 210, 221 అన్న అంకెలు చూస్తుంటే అదే గుర్తుకొచ్చింది. మా వాడికి చెప్తే నవ్వి, "పిన్నీ, ముందు పేర్లవాళ్ళూ ఉన్నారు, అదీ చూడు" అని పేజీ తిప్పాడు. నిజమే, ఒక్కవైపే చెప్తే అబద్ధమవుతుంది.

2017 నుంచీ జట్టు దిగజారింది. ఆఖరి పోటీలకి వరసగా పాతికేళ్ళు చేరిన జట్టు, 2025 వసంతం దాకా తొమ్మిదేళ్ళు చేరలేకపోయింది. ఓడితే ముందు వరస వస్తుంది కదా, అందుకని పేర్లు మటుకు పెద్దవి. 2018 లో ఆరో పేరు ఫిలిప్ జదీనా. అదృష్టం కొద్దీ మనదాకా మిగిలాడని అభిమానులు పొంగిపోయారట. గోళ్ళు కొరుక్కుంటూ ఐదేళ్ళు చూశారు. గోలు పడదు. 2023 లో ఆ అబ్బాయి తనకి రావలసిన 45 లక్షల డాలర్ల పైచిలుకు డబ్బు వదులుకుని, ఒప్పందం తెంచుకుని వెళ్ళిపోయాడు. మా వాడు దాన్ని తెలివితక్కువన్నాడు. నాకు మటుకు ఆ పిల్లవాడు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో అనిపించింది.

2019 లోనూ ఆరో పేరే. జర్మనీ కుర్రవాడు, మోరిట్జ్ సైడర్. అంత ముందు తీసుకోవడమేమిటని అందరూ ముక్కుమీద వేలేసుకున్నారు. పేరు వినగానే ఆ పిల్లవాడే తెల్లబోయాడు, వీడియోలో చూశాను. గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక ఏడు, స్వీడన్‌లో ఒక ఏడు ఆడి వచ్చి, 2022 లో కొత్తవాళ్ళందరిలో ఉత్తముడనిపించుకున్నాడు. 2020 లో నాలుగో పేరు లూకస్ రేమండ్, తీసుకున్నవాళ్ళ నమ్మకం నిలబెట్టాడు. 2021 వాడు ఎడ్విన్సన్, భుజానికి శస్త్రచికిత్స అయి చిన్న జట్టులో ఉండి ఉండి పైకొచ్చాడు. ఆస్ట్రియా కుర్రవాడు మార్కో కాస్పర్ 2023 లో ఒక్క ఆట ఆడాడు, ఆ తరవాత ఏడాది పైన చిన్న జట్టు, 2024-25 లో 19 గోళ్ళు కొట్టాడు.

పుస్తకంలో ఒక పేరు దగ్గర మా వాడు మార్కు వెయ్యలేదు. 2021 లో 15వ పేరు, గోల్‌కీపరు సెబాస్టియన్ కోసా. గోల్‌కీపర్లు ఆలస్యంగా పండుతారట, ఆవకాయలాగా. టొలీడోలో కొన్నాళ్ళు, గ్రాండ్ రాపిడ్స్‌లో కొన్నాళ్ళు ఆడాడు. డిసెంబరు 9 రాత్రి బఫెలో ఊళ్ళో ఆట, మేం టీవీలో చూస్తున్నాం. పెద్ద గోల్‌కీపరు గోళ్ళు వదిలేస్తుంటే నడిమధ్యలో ఆయన్ని దింపి ఈ అబ్బాయిని నిలబెట్టారు. పైజట్టులో అదే మొదటి ఆట. అక్కయ్య చేతిలో చపాతీ కర్ర అలాగే ఉండిపోయింది. సమానమై, షూటౌట్‌కి వెళ్ళి, చివరికి గెలిచారు. మా వాడు సోఫా మీద ఎగిరాడు.

కొద్దిరోజుల్లోనే కోసాని మళ్ళీ గ్రాండ్ రాపిడ్స్‌కి పంపేశారు. గెలిపించినవాణ్ణి పంపెయ్యడమేమిట్రా అన్నాను. "ఇంకా టైముంది పిన్నీ" అని, మా వాడు ఆ మార్కుల గడి ఖాళీగానే ఉంచి పుస్తకం మూసేశాడు. హైదరాబాదులో అప్పటికి తెల్లారి ఉంటుందని లెక్కవేసుకుని, మా అబ్బాయికి ఫోను చేశాను. ఏం తిన్నావురా అని అడిగాను.